కాశీకి మొదటిసారి వెళ్తున్నారా? రాత్రి నిద్ర పట్టే చోట రూము చూసుకోండిలా

కాశీలో బస కోసం ఫోను చేసే మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "విశ్వనాథుడి గుడికి ఎంత దూరమండీ?" అవతలి నుంచి "పక్కనే, ఐదు నిమిషాలు" అని వినగానే అడ్వాన్సు కట్టేస్తారు. ఆ ఐదు నిమిషాల దూరమంటే గొదౌలియా, దశాశ్వమేధ్, చౌక్, కచౌరీ గల్లీ చుట్టుపక్కలే. ఊరు మొత్తంలో జనం, హారన్లు, మైకులు ఎక్కువగా ఉండేదీ అక్కడే. తొమ్మిది నిద్రలు చేద్దామని వెళ్లినవాళ్లు రెండో తెల్లవారుజాముకే కళ్లు ఎర్రగా చేసుకుని కూర్చుంటారు.

గుడికి నడిచి వెళ్లగలిగేంత దగ్గరగా ఉంటూ రాత్రి కాస్త ప్రశాంతంగా ఉండే చోట్లు కాశీలో లేకపోలేదు. కాకపోతే పేట పేరు చూసి రూము తీసుకుంటే సరిపోదు. ఏ గల్లీ, ఆ గల్లీ ఎక్కడికి పోతుంది, మీ కిటికీ ఎటు తెరుచుకుంటుంది అన్నవి కూడా చూడాలి. ఇదంతా ఇంట్లో కూర్చుని మ్యాపు, ఫోను దగ్గర పెట్టుకుని ఒక సాయంత్రంలో తేల్చుకోవచ్చు.

1. మీకు పడని చప్పుడేదో ముందు తేల్చుకోండి

కాశీలో చప్పుడు లేని చోటు దొరకదు. ఏది భరించగలరు, ఏది భరించలేరు అన్నదే లెక్క. మెయిన్ రోడ్డు మీద హారన్లు రాత్రి బాగా పొద్దుపోయేదాకా మోగుతూనే ఉంటాయి. ఘాట్ల వైపు రూముల్లో రాత్రి హాయిగానే ఉంటుంది కానీ, తెల్లవారకముందే మంత్రాలు, గంటలు, పడవ ఇంజన్లు మొదలవుతాయి. మణికర్ణికకు పోయే గల్లీల్లో అర్ధరాత్రి కూడా "రామ్ నామ్ సత్య హై" అంటూ శవాలను మోసుకెళ్తూనే ఉంటారు. అక్కడ చితి ఆరే వేళంటూ ఉండదు. సత్రాల్లో అయితే బయటి చప్పుడు తక్కువ, లోపలి చప్పుడు ఎక్కువ. మూడున్నరకల్లా బకెట్లు, చెంబులు, "ఏవండీ, లేచారా?" అన్న పిలుపులు.

పొద్దున్నే లేచే అలవాటున్న పెద్దవాళ్లకు ఘాటు పక్క రూము వరం లాంటిది. రాత్రి పన్నెండింటికి పడుకుని ఎనిమిదింటికి లేచే పిల్లలకు అదే రూము నరకం. వెంట వచ్చేవాళ్లలో నిద్ర ఎవరికి తేలిగ్గా చెదురుతుందో చూసి, వాళ్లను దృష్టిలో పెట్టుకుని చోటు వెతకండి.

2. ఊరి పటం మనసులో పెట్టుకోండి

కాశీలో గంగ దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఘాట్లన్నీ పడమటి ఒడ్డునే, తూర్పు ముఖంగా ఉంటాయి. దక్షిణపు కొసన అస్సీ ఘాట్, మధ్యలో దశాశ్వమేధ్, దాన్ని దాటి కొంచెం పైన మణికర్ణిక, ఉత్తరపు కొసన రాజ్‌ఘాట్, రైలు వంతెన. అస్సీ నుంచి దశాశ్వమేధ్ దాకా మెట్ల మీదుగా రెండున్నర, మూడు కిలోమీటర్లు. కేదార్ ఘాట్ ఈ దారి మధ్యలో వస్తుంది. అక్కడి నుంచి దశాశ్వమేధ్‌కు సుమారు ఒక కిలోమీటరు.

నది నుంచి పడమటికి నడిస్తే ముందు మెట్లు, తర్వాత ఇరుకు గల్లీలు, ఆ తర్వాత అస్సీ, సోనార్‌పురా, గొదౌలియాలను కలిపే రోడ్డు, ఆ వెనక కాలనీలు వస్తాయి. ఇంకా పైకి పోతే రైల్వే స్టేషను, దాని అవతల కంటోన్మెంటు. గల్లీల్లోకి కార్లు, ఆటోలు రావు కాబట్టి అంతా నిశ్శబ్దమే అనుకోకండి. బైకులు వస్తాయి. రెండు మోచేతులు చాపితే గోడలు తగిలే సందులో బైకు హారన్ ఎలా మోగుతుందో అక్కడే వినాలి.

3. పేట ఎంచుకోండి

మొదటిసారి వెళ్లే తెలుగు కుటుంబం ఏ పేట చూసుకోవాలని అడిగితే నేను ముందు కేదార్ ఘాట్, మానసరోవర్ ఘాట్, పాండే హవేలీ ప్రాంతం పేరే చెబుతాను. మన తెలుగు సత్రాలు, ఆశ్రమాలు చాలావరకు ఇటే ఉన్నాయి. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం మానసరోవర్ ఘాట్ దగ్గరే. పక్కనే విజయనగరం రాజుల పేరు మీద ఒక ఘాటే ఉంది. గౌరీ కేదారేశ్వరుడి గుడి ఉన్న ఘాటు మెట్లకు ఎరుపు, తెలుపు చారలు వేసి ఉంటాయి కాబట్టి పడవలోంచి కూడా గుర్తుపట్టొచ్చు. గల్లీల్లో తెలుగు, తమిళం, కన్నడం వినిపిస్తాయి. పప్పన్నం దొరుకుతుంది. విశ్వనాథుడి గుడికి మెట్ల మీదుగా నడిచి పోవచ్చు, నడవలేనివాళ్లు సోనార్‌పురా రోడ్డుకు వచ్చి ఈ-రిక్షా ఎక్కొచ్చు.

ఇందులోనూ తేడాలున్నాయి. సోనార్‌పురా రోడ్డును ఆనుకున్న లాడ్జి వద్దు. ఘాటుకూ రోడ్డుకూ మధ్యన, గల్లీల లోపల ఉన్నది చూడండి. శవదహనాలు జరిగే ఇంకో ఘాటు హరిశ్చంద్ర, దానికి మరీ దగ్గరగా ఉంటే రాత్రి చప్పుడు మణికర్ణిక అంత ఉండదు కానీ, గాలి ఇటు తిరిగినప్పుడు కట్టెల పొగ రూములోకి వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు వెంట ఉంటే ఇది చిన్న విషయం కాదు. రోడ్డుకు అటువైపున్న మదన్‌పురా చీరలు నేసే పేట. కొన్ని సందుల్లో పగలంతా మరమగ్గాల చప్పుడు ఆగదు. పొద్దున దర్శనం చేసుకుని మధ్యాహ్నం ఒక కునుకు తీద్దామనుకునేవాళ్లు ఆ వైపు రూము తీసుకోకపోవడమే మంచిది.

ఇంకొంచెం దక్షిణంగా హనుమాన్ ఘాట్, శివాలా. సత్రాలు తక్కువ, గెస్ట్‌హౌస్‌లు ఎక్కువ. నన్నడిగితే నిద్ర విషయంలో ఘాట్లన్నిటిలోకీ శివాలా, దాని వెనక గల్లీలే మేలు. గుడికి రోజుకు ఒక్కసారి వెళ్తే చాలు, మిగతా పొద్దంతా గంగ ఒడ్డున కూర్చుంటామనేవాళ్లు ఇక్కడ చూసుకోవచ్చు.

అస్సీ గురించి అందరూ "చాలా ప్రశాంతం" అని రాస్తారు. అది కొన్నేళ్ల కిందటి మాట. ఇప్పుడు అస్సీ ఘాట్‌లో రోజూ తెల్లవారుజామున 'సుబహ్-ఎ-బనారస్' పేరుతో హారతి, సంగీతం, యోగా జరుగుతాయి. అన్నీ మైకులోనే. సాయంత్రం కుర్రకారు, టీ కొట్లు. చూడ్డానికి బాగుంటుంది, అక్కడికి వెళ్లండి కూడా. రూము మాత్రం ఘాటు ఎదురుగా తీసుకోకుండా రెండు మూడు సందులు లోపలికి, లేదంటే దక్షిణంగా నగవా వైపు చూసుకోండి. పడమటి వైపు రవీంద్రపురిలో వెడల్పాటి రోడ్లు, ఇళ్ల కాలనీలు ఉన్నాయి. కారు గుమ్మం దాకా వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు గల్లీల కంటే ఇదే నయం. లంక కూడలి మాత్రం వద్దు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, దాని పెద్దాసుపత్రి అక్కడే ఉండడంతో ట్రాఫిక్ ఎప్పుడూ తగ్గదు.

ఉత్తరాన పంచగంగా ఘాట్ వైపు యాత్రికులు పలచగా ఉంటారు. విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లి కాశీలో స్థిరపడ్డ త్రైలింగస్వామి మఠం అక్కడే. బసలు తక్కువ, మెట్లు ఎక్కువ, దారి తప్పడం సులువు. రెండోసారి వచ్చినప్పుడు చూద్దురుగాని.

కంటోన్మెంటులో పెద్ద హోటళ్లు, చెట్లు, మంచి నిద్ర. గుడికి మాత్రం ఐదారు కిలోమీటర్లు, ఆ దూరానికి ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో చెప్పలేం. సారనాథ్ ఇంకా నిశ్శబ్దం, ఇంకా దూరం. బౌద్ధ క్షేత్రాల యాత్రలో భాగంగా వెళ్లేవాళ్లకు అది సరిపోతుంది.

4. ఆ గల్లీ ఎక్కడికి పోతుందో చూడండి

పేట తేలాక రెండు మూడు బసలు ఎంచుకుని, ఒక్కోదాన్నీ మ్యాపులో బాగా దగ్గరికి తెచ్చి చూడండి. ఆ గల్లీ నేరుగా ఏదైనా పెద్ద గుడికి గానీ, మణికర్ణికకు గానీ, హరిశ్చంద్ర ఘాట్‌కు గానీ పోతుందా? పోతే అది రాత్రింబవళ్లూ నడిచే దారి. ఒక మలుపు పక్కకు జరిగితే అదే పేటలో మనిషి అలికిడి ఉండదు. ముందుకు దారిలేని సందు చివర ఉన్న ఇల్లు దొరికితే వదలకండి.

తర్వాత ఆ చుట్టుపక్కల "మ్యారేజ్ లాన్" అని వెతకండి. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఖాళీ స్థలాలను అక్కడ అలాగే పిలుస్తారు. మహమూర్‌గంజ్, సిగ్రా వైపు హోటళ్లు ఫొటోల్లో చల్లగా, పొందికగా కనిపిస్తాయి. పక్కన లాన్ ఉంటే పెళ్లిళ్ల రోజుల్లో బ్యాండు, డీజే, బాణసంచా అన్నీ మీవే. పెట్రోలు బంకు, కూరగాయల మార్కెట్టు, రైలు పట్టాలు కూడా ఓసారి చూసుకోండి. బడి పక్కనుంటే భయం లేదు, దాని గోల పగటిపూటే.

రివ్యూల్లో మార్కులు చూడకండి. "నాయిస్", "లౌడ్‌స్పీకర్", "హారన్", "జనరేటర్" అన్న మాటలు కొట్టి వెతకండి. విదేశీయులు రాసిన రివ్యూలు చదవడం మంచిది. మనం గుడి దగ్గరే ఉంది కదా అని సర్దుకుపోతాం, వాళ్లు ఏ టైముకు ఏ చప్పుడు వచ్చిందో గంటలతో సహా రాస్తారు. చలికాలంలో రాసినవీ ఎండాకాలంలో రాసినవీ రెండూ చూడండి.

5. ఫోను చేసి ఈ ప్రశ్నలు అడగండి

యాప్‌లో బుక్ చేసేముందు నేరుగా ఒక్క ఫోను చేయండి. "రూము ప్రశాంతంగా ఉంటుందా?" అని మాత్రం అడగొద్దు. ఉంటుందనే చెబుతారు, ఇంకేం చెబుతారు? జవాబులో తప్పించుకునే వీలు లేకుండా అడగాలి.

"కమ్‌రా గలీ కీ తరఫ్ హై యా అందర్ కీ తరఫ్?" గల్లీ వైపా, లోపలి వైపా? లోపలన్నారంటే వెంటనే సంతోషపడకండి. పాత కాశీ ఇళ్లలో మధ్యన ఆంగన్ ఉంటుంది, మన మండువా లోగిలి లాగే. గదులన్నీ దాని చుట్టూ, తలుపులన్నీ దాంట్లోకే. కింద ఎవరైనా బకెట్టు దించితే మూడో అంతస్తులో వినిపిస్తుంది. అందుకే "కిటికీ బయటికి ఉందా, ఆంగన్‌లోకి ఉందా?" అని కూడా అడగండి. వెనక గల్లీలోకి కిటికీ ఉండి, ఆంగన్‌కు దూరంగా మూలనున్న గది అన్నిటికంటే మేలు.

"కౌన్‌సే తల్లే పర్ హై? లిఫ్ట్ హై?" ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా? పైకి పోయేకొద్దీ చప్పుడు తగ్గుతుంది, మెట్లు పెరుగుతాయి. కాశీ పాత మేడల మెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి. పెద్దవాళ్లుంటే రెండో అంతస్తు దాటొద్దు. డాబా కింది గది వేసవిలో కొలిమి. పైగా కోతులు డాబాల మీద పరుగులు తీస్తుంటాయి.

"జనరేటర్ కహాఁ రఖా హై?" జనరేటర్ ఎక్కడ? కరెంటు పోయినప్పుడు అది మీ కిటికీ కిందే మొదలవ్వొచ్చు. ఇన్వర్టర్ అని చెబితే ఆ బెంగ లేదు.

"ఆటో కహాఁ తక్ ఆతా హై?" ఆటో ఎక్కడి దాకా వస్తుంది? ఇది నిద్రకు సంబంధించిన ప్రశ్న కాదు కానీ, ప్రశాంతమైన గల్లీ అంటే సామాను మోసుకుంటూ నడవాల్సిన గల్లీ అనే అర్థం. ఎన్ని నిమిషాల నడకో అడిగి, చెప్పినదానికి రెట్టింపు వేసుకోండి.

తెలుగు సత్రమైతే ఈ హిందీ తిప్పలు ఉండవు. "అయ్యా, పెద్దవాళ్లతో వస్తున్నాం, వంటశాలకీ నీళ్ల కుళాయిలకీ దూరంగా ఉన్న గది ఏదైనా ఇప్పించగలరా?" అని మర్యాదగా అడిగితే వీలున్నంతలో చూస్తారు. భోజనం మంచిది, మనుషులు మనవాళ్లు. అయితే కొన్ని సత్రాల్లో ఉండే రోజుల మీద పరిమితి ఉంటుంది, కొన్నిట్లో ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇవ్వరు. అది ముందే కనుక్కోండి. ఆధార్ కార్డులు అందరివీ దగ్గరుంచుకోండి.

6. తేదీలు చూసుకోండి

ఎంత మంచి గల్లీ అయినా కొన్ని రోజుల్లో ఏమీ చేయలేం. శివరాత్రి, శ్రావణ సోమవారాలు, కార్తీక పౌర్ణమి నాటి దేవ్ దీపావళి. ఈ రోజులకు వెళ్లాలని ఉంటే చప్పుడు సంగతి మరిచిపోయి వెళ్లండి. ఉత్తరాదివాళ్లకు శ్రావణం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది, ఇది మనవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి. ప్రయాగలో మాఘమేళా జరిగే రోజుల్లో అటు స్నానం చేసినవాళ్లు ఇటూ వస్తారు. 2025 కుంభమేళాకు కాశీ గల్లీలు ఎలా కిటకిటలాడాయో టీవీల్లో చూసే ఉంటారు. 2023 గంగా పుష్కరాలకు వెళ్లినవాళ్లకైతే చెప్పక్కర్లేదు.

రాత్రంతా పాడే రోజులు కూడా ఉన్నాయి. హనుమజ్జయంతి (వాళ్లకది చైత్ర పౌర్ణమికే) సమయంలో సంకట్ మోచన్ హనుమంతుడి గుడిలో సంగీత ఉత్సవం రాత్రుళ్లు తెల్లవార్లూ జరుగుతుంది. శివరాత్రి ప్రాంతంలో తులసీ ఘాట్‌లో ధ్రుపద్ మేళా. సంగీతం ఇష్టమైతే ఇంతకంటే మంచి సమయం లేదు. నిద్ర కావాలంటే ఆ వైపు వద్దు.

పెళ్లిళ్ల గోల తప్పించుకోవాలంటే ఒక చిట్కా. మన ధనుర్మాసం రోజుల్నే వాళ్లు ఖర్మాస్ అంటారు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా అక్కడా పెళ్లిళ్లుండవు, బరాత్‌లు ఉండవు. చలి మాత్రం గట్టిగా ఉంటుంది, పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి.

వానాకాలంలో ఇంకో సంగతి. గంగ పొంగితే కింది మెట్లు మునిగిపోతాయి, ఒక ఘాటు నుంచి ఇంకో ఘాటుకు ఒడ్డు వెంట నడవడం కుదరదు. శివాలా నుంచి గుడికి మెట్ల మీదుగా పోవచ్చన్న లెక్క ఆగస్టులో పనిచేయదు, గల్లీలు పట్టుకుని రోడ్డు మీద చుట్టి రావాలి. ఆ నెలల్లో అయితే కేదార్, పాండే హవేలీ వైపే ఉండండి.

7. రాత్రుల్ని రెండు ముక్కలు చేయండి

మొత్తం రోజులకు ఒకే చోట కట్టేయకండి. విశ్వనాథుడి గుడిలో మంగళ హారతి తెల్లవారుజామున మూడింటికి మొదలవుతుంది, దాని కోసం ఇంకా ముందే వరుసలో ఉండాలి. దానికి టికెట్ తీసుకుంటే ఆ ఒక్క రాత్రీ గుడి దగ్గర ఏదో ఒక రూము తీసుకోండి. ఎలాగూ నిద్రపోయేది లేదు. మిగతా రాత్రులకు శివాలాకో కేదార్‌కో మారిపోండి.

చేరే వేళ కూడా ముఖ్యమే. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చే కొన్ని రైళ్లు కాశీ స్టేషన్లకు రావు. పూర్వం మొఘల్‌సరాయ్ అనే దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి సుమారు 17 కిలోమీటర్లు రావాలి. రాత్రి పదకొండు దాటాక ఆ దారిన వచ్చి, తెలియని గల్లీల్లో సామానుతో వెతుక్కోవడం టెన్షన్. అర్ధరాత్రి చేరేటట్లయితే ఆ రాత్రికి స్టేషను దగ్గరో కంటోన్మెంటులోనో ఉండి, పొద్దున్నే గల్లీలోకి వెళ్లండి. విమానంలో వచ్చేవాళ్లు దిగే బాబత్‌పుర్ ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం.

8. డబ్బు కట్టేముందు గదిలో రెండు నిమిషాలు

గది చూపిస్తామనగానే సామాను కింద వదిలి పైకి వెళ్లండి. తలుపు, కిటికీ మూసి, ఫ్యాను ఆపేసి ఊరికే నిలబడండి. ఏం వినిపిస్తోంది? నీళ్ల మోటారా, పక్కగది టీవీనా, గుడి మైకా? కిటికీ తెరిచి కిందికీ పైకీ చూడండి. గోడ మీద మైకు గొట్టం ఉందేమో, ఎదురుగా మిఠాయి కొట్టు పొయ్యి ఉందేమో. కచౌరీ కొట్టు అయితే తెల్లవారకముందే గరిటెల మోత మొదలవుతుంది, వాసన కూడా. పడక తలాపి ఏ గోడకు ఉందో చూసి, అవసరమైతే మంచం జరిపించండి. గది నచ్చకపోతే "దూస్‌రా దిఖాయియే భైయా" అనండి, మొహమాటపడొద్దు. సాధారణంగా ముందు చూపించేది త్వరగా వదిలించుకోవాలనుకునే గదే.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పండగలకు ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తాయి. పరాయి ఊళ్లో మూడు రోజులుండే యాత్రికులు ఆ నిబంధన పట్టుకుని పేటవాళ్లతో వాదనకు దిగడం అనవసరం. ఇయర్‌ప్లగ్గులు మన ఊళ్లోనే మందుల షాపులో కొనుక్కుని, మైనంవో స్పాంజివో, ఒక రాత్రి ఇంట్లోనే పెట్టుకుని పడుకుని చూడండి. కొందరికి చెవిలో ఏదైనా ఉంటే అసలు నిద్రే పట్టదు.

మొదటి రాత్రి గడిచాక కుదరదనిపిస్తే, మార్చుకునే పని పొద్దున ఎనిమిదింటికే మొదలుపెట్టండి. దర్శనానికి వెళ్లి మధ్యాహ్నం వచ్చి అడిగితే ఆ సరికి ఖాళీ అయిన మంచి గదులు వేరేవాళ్లకు వెళ్లిపోతాయి. ముందు అదే బసలో వెనక వైపు గది అడగండి, లేదంటే పక్క గల్లీలో చూడండి. సామాను మాత్రం కొత్త గది చూసి, తాళంచెవి చేతికొచ్చాకే కదిలించండి.